మోత వినిపించే చోటు

"ఇప్పుడు బియ్యం కడగండి టీచరుగారూ," అన్నాడు రహమతుల్లా సుద్దముక్క చేతిలో పట్టుకుని.

శాంతకుమారి అటూ ఇటూ చూసింది. ఆమె నిలబడ్డది ఆటోనగర్‌లో, సీట్లన్నీ పీకేసిన ఒక పసుప్పచ్చ స్కూలు వ్యానులో. బియ్యం లేవు, గిన్నె లేదు, నీళ్ళు అంతకన్నా లేవు. అయినా ముప్పైమూడేళ్ళు పిల్లలచేత చెప్పినట్టు చేయించిన మనిషి గనక, చెప్పినట్టు చెయ్యడమూ ఆమెకు తెలుసు. గాలిలో గిన్నె పట్టుకుని, గాలిలో బియ్యం పోసి, మూడుసార్లు కడిగి కుడిపక్కకు వంపింది. వంపిన చోట రహమతుల్లా సుద్దతో ఒక అడ్డగీత గీశాడు.

"ఇక్కడ తడి. బ్యాటరీకి పనికిరాదండి."

ఇది అతని పద్ధతి. బండిలో బ్యాటరీలూ ఇన్వర్టరూ ఎక్కడ పెట్టాలో కొలతల టేపు చెప్పదనీ, అందులో ఉండబోయే మనుషులే చెప్పాలనీ అతని నమ్మకం. ఖాళీ బండిలో వాళ్ళచేత ఒక పూటంతా ఉత్తుత్తి కాపురం చేయిస్తాడు. చెయ్యి తగిలిన చోటా, కాలు పడిన చోటా గీతలు గీస్తాడు. చివరికి ఏ గీతా పడని చోటు ఏదైనా మిగిలితే అది బ్యాటరీలది. నలభై ఏళ్ళుగా లారీలకూ, ఐస్‌క్రీం బళ్ళకూ, పెళ్ళి ఊరేగింపు బళ్ళకూ ఇలాగే వైరింగు చేశాడు. వైకుంఠ రథం విషయంలో మాత్రం ప్రయాణికుణ్ణి అడిగే వీల్లేక తనే వెల్లకిలా పడుకుని చూసుకున్నాడు.

అరవై ఒకటో ఏడు. సన్నటి మనిషి. కళ్ళజోడు జారకుండా వెనక దారం కట్టుకుంటాడు. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తిదెబ్బకు నల్లబడి అలాగే ఉండిపోయింది. బ్యాటరీ యాసిడ్ చుక్కలు పడి ఒంటిమీద చొక్కా నిండా చిల్లులే. "పిండి జల్లించుకోవడానికి బాగుంటాయి," అంటుంది అతని భార్య జమాల్ బీ, ఉతికిన చొక్కాలు మడతపెడుతూ.

లారీకి రంగులు వేసినవాడు వెనక తన పేరు రాసుకుంటాడు. బాడీ కట్టినవాడు ముందు రేకు మీద చెక్కించుకుంటాడు. వైరింగు చేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. రహమతుల్లాకు ఆ దిగులేమీ లేదు సరికదా, అదే గొప్ప అనుకుంటాడు. కరెంటు పని కనపడకూడదు, వినపడకూడదు అన్నది అతని సిద్ధాంతం. తను పెట్టిన ఇన్వర్టరు మోత ఇంతవరకూ ఏ బండిలోనూ ఎవరి చెవికీ సోకలేదని టీకొట్టు దగ్గర వారానికొకసారైనా చెప్పుకుంటాడు.

వ్యాను మధ్యలో పరుపు ఉండవలసిన చోట శాంతకుమారి భర్త సాంబశివరావు చాప మీద పడుకుని ఉన్నాడు. కాలవల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా డెల్టాలో కాలవలకు గేట్లుండే లాకులన్నీ తిరిగిన మనిషి. పగలు రాయిలా ఉంటాడు. రాత్రి నిద్రలో మాత్రం ఊపిరి ఆగి ఆగి వస్తుంది. ముక్కుకు మాస్కు పెట్టి గాలి పంపే చిన్న మిషను లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. వాళ్ళ ఊరు చల్లపల్లిలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు, పరాయి ఊళ్ళో సంగతి సరేసరి. అందుకని నాలుగేళ్ళుగా ఆ దంపతులు ఇల్లు దాటి ఒక్క రాత్రి గడపలేదు. తను పనిచేసిన లాకులన్నిటి దగ్గరా ఒక్కో రాత్రి పడుకోవాలని సాంబశివరావు కోరిక. స్కూలువాళ్ళు పాత వ్యాను అమ్మేస్తుంటే శాంతకుమారి కొనేసింది. దాన్ని ఎనిమిదేళ్ళు నడిపిన కిరీటి కూడా స్టెప్నీ టైరులా బండితోబాటే వచ్చేశాడు.

బ్యాటరీల సామానంతా వెనక డిక్కీలో, బయటినుంచి తలుపు పెట్టి బిగించమని సాంబశివరావు మేనల్లుడు విశ్వేశ్వర్ కంప్యూటరులో బొమ్మ గీసి పంపాడు. బొమ్మ అందంగానే ఉంది.

"టీచరుగారూ, మీరు సారు పక్కన పడుకోండి. ఇప్పుడు అర్ధరాత్రి. మిషను ఆగిపోయింది. ఏం చేస్తారు?"

శాంతకుమారి లేచింది. భర్తను దాటింది. తలుపు తీసి కిందికి దిగింది. లేని టార్చి వేసుకుంటూ వ్యాను చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళింది.

"అప్పటికి నేను పైకి పోయుంటానే శాంతా," అన్నాడు సాంబశివరావు కళ్ళు తెరవకుండా.

"పోయినవాళ్ళు మాట్లాడరు. ఊరుకోండి."

రహమతుల్లా ఆ బొమ్మను మర్యాదగా నాలుగు మడతలు పెట్టి కిరీటి చేతికిచ్చాడు. "బాబు బాగా గీశాడండి. కానీ ఒక్కో బ్యాటరీ రెండు బియ్యం బస్తాల బరువు. రెండూ తోకలో పెడితే బండి ముక్కు లేస్తుంది. పైగా వెనక చక్రాల దుమ్మంతా దాని మొహానే కొడుతుంది."

గీతలు పడని చోటు ఒక్కటే మిగిలింది. ఎడమవైపు వెనక చక్రం మీద ఉబ్బెత్తుగా ఉండే రేకు. బరువు చక్రం మోస్తుంది, తడి చేరదు, ఎవరి కాలూ పడదు. అక్కడ మూతపెట్టెలో బ్యాటరీలు దించి, గాలి బయటికి పోవడానికి నేలలోంచి గొట్టం వేశాడు. ఇన్వర్టరును పెట్టెకు అవతలివైపు, కాళ్ళ దిక్కున పెట్టి, మోత రాకుండా అడ్డంగా మందపాటి చెక్క బిగించాడు. స్విచ్చి ఒకటి టీచరుగారి చేతికి అందేలా పైకి లాగాడు. మధ్యలో జమాల్ బీ కట్టిచ్చిన దోసకాయ పప్పూ అన్నం తినడానికి పావుగంట కూడా ఆగలేదు.

మూడింటికి పరుపు వేసి, కిటికీలు మూసి, కర్టెన్లు లాగారు. సాంబశివరావు మాస్కు పెట్టుకున్నాడు. రహమతుల్లా స్విచ్చి వేసి, కిందికి దిగి తలుపు దగ్గరికి వేశాడు. చెవి రేకుకు ఆనించి విన్నాడు. చీమ నడిస్తే వినపడేంత నిశ్శబ్దం. బతికినంత కాలంలో ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదనుకుని మీసం దువ్వుకున్నాడు.

పది నిమిషాలకు తలుపు తీసుకుని శాంతకుమారి దిగింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"రహమతుల్లా గారూ, అది నడుస్తుందా?"

"నడుస్తుందండీ! మోత లేకుండా చేశాను."

"అదే వద్దు నాకు," అంది ఆమె. "ముప్పై ఏళ్ళు ఈయన గురక విన్నాను. గురక ఉంటే మనిషున్నట్టే కదా. మాస్కు పెట్టాక గురక లేదు, ఆ మిషనా చప్పుడు చెయ్యదు. మా ఇంట్లో ఇన్వర్టరు నా తలకాడే ఉంటుందండీ. కరెంటు పోగానే అది గుయ్యిమంటే, ఆయనకి గాలి అందుతుందని నిద్రపోతాను. ఇప్పుడు లోపల పడుకుంటే ఏ చప్పుడూ లేదు. పదిసార్లు ఆయన ఛాతీ మీద చెయ్యేసి చూశాను. ఇలాగైతే నేను రానండీ. ఇంట్లోనే ఉంటాం."

రహమతుల్లాకు ఒక్క క్షణం కోపం వచ్చింది. ముచ్చటగా కట్టిన ఇంటికి కప్పు తీసెయ్యమన్నట్టు అనిపించింది. నలభై ఏళ్ళలో మోత తగ్గించమన్నవాళ్ళే గానీ వినిపించమన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

వెళ్ళి మెట్టుమీద కూర్చున్నాడు. ఎందుకో జమాల్ బీ గుర్తొచ్చింది. సాయంత్రం ఇంటి ముందు తన టీవీఎస్ స్టాండు వేసిన చప్పుడు వినపడితే గాని ఆమె అన్నం గిన్నె మూత తియ్యదు. ఏళ్ళ తరబడి అది ఆకలి లేక అనుకున్నాడు. అంతసేపూ ఆమె చెవులు వీధిలో పెట్టుకుని కూర్చుంటుందని ఇప్పుడే తట్టింది. అలా వినేవాళ్ళు ఉండడం ఎంత భాగ్యమో కూడా తట్టింది.

"కిరీటీ, స్క్రూడ్రైవరు అందుకోరా," అంటూ లేచాడు.

"మళ్ళీ మొదటికా బాబాయ్?"

"మొదటికే."

చెక్క ఊడదీశాడు. ఇన్వర్టరును కాళ్ళ దిక్కునుంచి తీసి, పెట్టెకు ఇవతలివైపు, టీచరుగారి దిండు పక్కకు తెచ్చాడు. వేడి పోవడానికి చుట్టూ నాలుగు వేళ్ళ సందు వదిలాడు. అదే కేబులు అంగుళం మిగలకుండా సరిపోయింది. మోత బయటికి వచ్చేలా ఎదుటి పలకకు వరసగా చిల్లులు కూడా వేశాడు. మోత దాచడానికి ఏనాడూ ఇంత శ్రద్ధగా కొలతలు తీసుకోలేదు.

ఈసారి స్విచ్చి వెయ్యగానే బండిలోకి తుమ్మెద దూరినట్టు గుయ్యిమంది. శాంతకుమారి పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసింది. అయిదు నిమిషాల్లో గురక వినిపించింది.

"అది నాది కాదు," అన్నాడు సాంబశివరావు మాస్కు పైకెత్తి గుసగుసగా. అతని కళ్ళు చెమర్చి ఉన్నాయి. "నాలుగేళ్ళయిందయ్యా, ఆవిడ పగలు కునుకు తీసి."

ఆమెను లేపడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆలోగా కిరీటి నేలంతా తుడిచి, అరిటాకు రంగు మ్యాటు పరిచాడు. ఆమె లేచి, మొహం కడుక్కుని, లోపలికి తొంగిచూసి, "అమ్మయ్య, ఇల్లులా ఉంది," అంది. మొదటి మజిలీ పులిగడ్డ లాకుల దగ్గర. చీకటి పడకముందే చేరాలన్నాడు సాంబశివరావు. మొగుడూపెళ్ళాలిద్దరూ పసిపిల్లల్లా తోసుకుంటూ ఎక్కారు.

"మీ పేరు లోపల రాయించమంటారా?" అని కిటికీలోంచి అడిగింది శాంతకుమారి.

"ఎందుకండీ, మోగుతుంది కదా," అన్నాడు రహమతుల్లా.

పసుప్పచ్చ వ్యాను మలుపు తిరిగి కనుమరుగైంది. అతను ఈ పూట ఇంటి సందు మొదట్లోనే ఓసారి హారను కొట్టాలనుకున్నాడు. చీపురు తీసుకుని ఇనప రజను ఊడుస్తూ వ్యాను తలుపు ఉండిన చోటికి వచ్చి ఆగిపోయాడు. మొదట అర్థం కాలేదు, తరువాత నవ్వాగలేదు. ఇల్లు అనుకున్నాక గడప బయట విడవకుండా ఎలా వెళ్తారు మరి?

ఆటోనగర్ మట్టిలో, ఖాళీగా ఉన్న ఆ చోటికి ఎదురుగా, ఒక జత ఆడవాళ్ళ చెప్పులూ ఒక జత మగవాళ్ళ చెప్పులూ పక్కపక్కనే విడిచి ఉన్నాయి.