పిండి ఎందుకు కింద పడదు

పిండి పట్టే గిర్నిలో మాట్లాడాలంటే అరవాలి. నూనె ఇంజను టుకటుకమంటుంటే, రాళ్ళను తిప్పే తోలు పటా టపటపా కొట్టుకుంటుంటే, రాళ్ళ మధ్య జొన్నలు నలుగుతుంటే మామూలు గొంతు పెదవి దాటదు. ఇన్నేళ్ళూ అరిచి అరిచి చంద్రపూర్ బాబుపేట్‌లో నాకు కోపిష్టి పోచన్న అని పేరొచ్చింది. కోపం ఉన్నమాట నిజమే. అందులో సగం గిర్నిది.

చంద్రపూర్‌ను ఇంకా చాందా అంటున్న రోజుల్లో మా అక్క కొడుకు రాజం చదువు కోసం నా దగ్గరికొచ్చాడు. అక్క లస్మవ్వది రాజూరా పక్క పల్లె. రాష్ట్రాలను భాషల లెక్కన విడదీసి కలిపినప్పుడు, ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న ఆ పల్లెను మరాఠీవైపు కలిపి నాందేడ్ జిల్లా అన్నారు. అది నోటికి అలవాటయ్యేలోపే చాందా జిల్లా అన్నారు.

"బండి కట్టకుండనే మమ్ముల ఎన్ని ఊర్లు తిప్పిండ్రు తమ్మీ" అని నవ్వేది అక్క.

ఆమెకు నవ్వులాట. దెబ్బ తగిలింది కొడుక్కి. వాడు ఆసిఫాబాద్‌లో తెలుగులో మెట్రిక్ చదివాడు. ఆంధ్రలో ఉండిపోయిన ఆ వైపు కాలేజీలో అడిగితే మీరిప్పుడు మావాళ్ళు కాదన్నారు. ఈ వైపు చాందాలో చేర్చుకున్నారు గానీ, పుస్తకం ఇంగ్లీషు, మాస్తరు వివరించేది మరాఠీ. పైగా తీసుకున్నది సైన్సు.

నా చదువు నాలుగో క్లాసుతో ముగిసింది. అదీ నైజాం ఉర్దూ బడి. ఆ తర్వాత చదువుకున్నవాళ్ళంటే నాకు పడలేదు. డబ్బా నా ముందు పెట్టి, నా మొహం చూడకుండా "మెత్తగా పట్టు" అని చెప్పేది వాళ్ళే. అయినా అక్క కొడుకు. భార్య పోయాక నేను గిర్ని వెనక గదిలో ఒక్కణ్ణే ఉంటున్నాను. ఇంకో చాప పరిచాను.

మొదటి పరీక్షలు అయ్యాక ఒక సాయంత్రం వాడు నేరుగా గిర్నిలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వరసలో నలుగురైదుగురు ఆడవాళ్ళు డబ్బాలతో కూర్చుని ఉన్నారు.

"మామా, నేను ఊరికి పోత."

"ఏం, పండుగనా?"

"నాపాసైన. ఫిజిక్సుల, లెక్కలల్ల. కాలేజీ బంద్ చేస్త. నాగలి పడ్త."

"ఎడ్లను అడిగినవా? ఒప్పుకున్నయా?"

ఆడవాళ్ళు నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మల్లవ్వ. ఆమె మొగుడు బొగ్గుగనిలో పని చేస్తాడు. మా గల్లీలో ఎవరింట్లో ఏం కూర వండారో మొదట తెలిసేది ఆమెకే.

వాడి కళ్ళలో నీళ్ళు చూసి నేను గింజలు పోసే తొట్టివైపు తిరిగాను. ఓదార్చడం నాకు రాదు. నోటికి వచ్చింది అడిగాను.

"ఇయ్యాల ఏం చెప్పిండ్రు కాలేజీల?"

వాడేదో అన్నాడు.

"ఏందీ?"

మళ్ళీ అన్నాడు.

"వినబడ్తలేదురా! అన్నం తినలేదా?"

వాడు కొంచెం పైకి అందుకున్నాడు. రెండు మాటలు ఇంజనును దాటి వచ్చాయి. మూడో మాట దగ్గర గొంతు మళ్ళీ మునిగిపోయింది. వీడి గొంతులోనే ఏదో రోగం ఉందనుకున్నాను. మాస్తరు ముందు కూడా ఇలాగే గొణిగి ఉంటాడు, అందుకే నాపాసు చేశారు. మర్నాటినుంచి పొద్దున్నే మిరియాల కషాయం కాచి తాగించాను. వాడు మొహం చిట్లించి తాగేవాడు. సాయంత్రం వచ్చి, గోనెసంచి మీద కూర్చుని, ఆరోజు పాఠం నాకు అరిచి వినిపించాలి. అది నేను పెట్టిన షరతు. గొంతు బాగయ్యేదాకా ఊరికి పోయేది లేదన్నాను.

కషాయం పని చేయలేదు. కానీ వినగా వినగా నాకొకటి అర్థమైంది. వాడి గొంతు అన్నిచోట్లా తగ్గడం లేదు. తెలిసిన మాట దగ్గర ఇంజనును మించి పలుకుతోంది. తెలియని చోటుకు రాగానే లోపలికి పోతోంది. రోగం గొంతుది కాదు.

ఆ తర్వాత నేను కషాయం ఇవ్వడం మానేశాను. గొంతు తగ్గినచోట చెయ్యి పైకెత్తేవాణ్ణి, అంతే. వాడు ఆగి, పుస్తకం తిరగేసి, పెదవులు కదుపుతూ చదువుకుని, మళ్ళీ మొదటినుంచి అందుకునేవాడు. ఇంగ్లీషు ముక్కను మెట్రిక్‌లో నేర్చిన తెలుగు మాటలోకి తెచ్చుకునేవాడు. ఆ తెలుగు మాట మాకు ఇంగ్లీషుకంటే కొత్త.

"త్వరణం!" అని అరిచాడు ఒకరోజు.

"గదేంది?" అంది మల్లవ్వ.

"రాయి మొదట మెల్లగ తిరుగుతది గద అత్తా. తర్వాత జోరు పెరుగుతది. జోరు ఎంత తొందరగ పెరుగుతదో, గది త్వరణం."

మల్లవ్వ ఆలోచించింది. "అంటే మా ఆయన దుకాణం దిక్కు నడిసినట్టు. గల్లీల మెల్లగ పోతడు, సీసాలు కనబడంగనే ఉరుకుతడు."

"ఆఁ, గదే."

"మరి ఇంటి దిక్కు వచ్చెటప్పుడు?"

"అది ఉల్టా త్వరణం."

ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. రాజం కూడా నవ్వాడు. చాందాకు వచ్చాక వాడు నవ్వగా చూడటం అదే మొదలు. నేను మాత్రం "సాలు, పాఠం చెప్పు" అని కసిరాను.

పైకి అలా ఉండేవాణ్ణి. మధ్యాహ్నం దాటితే నా చెవులు రోడ్డు మీదే ఉండేవి. వాడు కూర్చునే గోనెసంచిని పిండి లేకుండా దులిపి పెట్టేవాణ్ణి. ఉర్దూ బడిలో పంతులు చెబుతూ చెబుతూ ఉన్న పాఠం ఒకటి, మా నాయన వచ్చి నన్ను పనికి తీసుకుపోవడంతో సగంలో ఆగిపోయింది. అదేమిటో ఇప్పుడు గుర్తు లేదు. సగంలో ఆగిందన్నది మాత్రం గుర్తుంది. వాడు అరుస్తుంటే ఆ మిగతా సగం ఎక్కడినుంచో వస్తున్నట్టుండేది. ఈ సంగతి వాడికి చెప్పలేదు. నేనే వాడికి సాయం చేస్తున్నానని వాణ్ణి అనుకోనిచ్చాను.

ఒకరోజు నేనే అడిగాను. గిర్ని పైకప్పు రేకుకు ఒక బెజ్జం ఉంది. మధ్యాహ్నం దాటాక దానిలోంచి ఎండ ఏటవాలుగా పడుతుంది. ఆ ఎండలో పిండి ఆడుతూ ఉంటుంది. గిర్నిలో చేరిన రోజునుంచీ చూస్తున్నాను.

"పిండికి బరువున్నది గద? తూకం వేస్తనే ఉన్న. మరి గది ఎందుకు కింద పడదు?"

"గాలి కదిలిస్తది మామా."

"తలుపు మూస్తే?"

మూసే చూద్దామన్నాడు వాడు. అరిగిన రాళ్ళకు ఉలితో గాట్లు కొట్టే రోజున గిర్ని ఆగి ఉంటుంది. ఆరోజు తలుపు మూసి, కిటికీకి గోనె కట్టి, ఇద్దరం ఎండ ముందు కూర్చున్నాం. చాలాసేపు కదలకుండా కూర్చున్నాం. పిండి ఆడుతూనే ఉంది. ఇంజను లేని నిశ్శబ్దంలో వాడు మెల్లగా మాట్లాడాడు. వాడి అసలు గొంతు ఇంత మెత్తగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

"నాకు తెల్వది మామా. పెద్ద పుస్తకాలల్ల ఉంటదట, బీఎస్సీల. నేర్సుకోని ముందుగాల నీకే చెప్త."

నేను "సరే తియ్" అని ఉలి అందుకున్నాను.

వాడు పాసయ్యాడు. గొప్పగా కాదు గానీ, నాగ్‌పూర్‌లో బీఎస్సీకి సీటు వచ్చేంతగా పాసయ్యాడు. స్టేషనులో అక్క వాణ్ణి పట్టుకుని ఏడ్చింది. "పో, నీ అరుపులు తప్పినయి నాకు" అన్నాను నేను. బండి కదిలాక చూస్తే, వాడి తెల్ల చొక్కా భుజం మీద నా చేతి పిండి అంటి ఉంది. దులపడానికి అందలేదు.

ఆ తర్వాత సాయంత్రాలు మునుపటిలాగే అయ్యాయి. ఇంజను, పటా, రాళ్ళు. వాడి గోనెసంచి మీద ఎవరైనా డబ్బా పెడితే తీసి కింద పెట్టేవాణ్ణి.

"పోచన్నా, పాఠం లేక జొన్నలు సుత సరిగ నలుగుతలేవు. నువ్వే చెప్పరాదు ఒకటి" అంది మల్లవ్వ.

ఎవరూ చూడకపోతే చెప్పేవాణ్ణేమో. అయినా మొదలుపెట్టాను. రాయి మెల్లగా తిరుగుతుంది, జోరు పెరుగుతుంది, ఆ పెరిగే జోరు... అక్కడ ఆగిపోయాను. ఇంకేదో చెప్పాడు వాడు, లెక్క ఏదో. మల్లవ్వ నా మొహం చూస్తూ నిదానంగా చెయ్యి పైకెత్తింది.

"వినబడ్తలేదన్నా."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

రాజం కాలేజీ సుట్టీలకు వచ్చినా, రైలు దిగి మోటరు బస్సు ఎక్కేలోపు తొంగిచూసి ఊరికి పోయేవాడు. పాఠం మాట ఎత్తేవాడు కాదు. నేనూ అడగలేదు. మాట ఇచ్చినవాడు వాడు, అడగడం నాకెందుకు? అలా రెండేళ్ళు పోయాయి. ఎండ రోజూ వచ్చేది. నేను తొట్టి నింపుతూ అటు చూసేవాణ్ణి, మళ్ళీ చూపు తిప్పుకునేవాణ్ణి.

చివరి ఏడాది దీపావళికి ముందు వాడు మధ్యాహ్నం పూట వచ్చాడు. ప్యాంటు, చేతికి గడియారం. చాయ్ తాగుతూ నాగ్‌పూర్ సంగతులు చెప్పాడు. మెస్సులో అన్నం ఎలా ఉంటుందో, మాస్తర్లు ఎలాంటివాళ్ళో. మధ్యమధ్య మరాఠీ ముక్కలు దొర్లుతున్నాయి. రాజూరా మోటరుకు ఎంతసేపుందో చూసుకుంటున్నాడు. రేకు బెజ్జంలోంచి ఎండ వాడి బూట్ల దాకా వచ్చింది. వాడు కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"అది తెలిసిందా?" అన్నాను.

"ఏది మామా?"

"ఏం లేదు. చాయ్ తాగు."

వరసలో ఉన్న మల్లవ్వ ఊరుకోలేదు. "ఏందిరా రాజం, గా పిండి సంగతి! ఎందుకు కింద పడదో నేర్సుకోని చెప్తనని అప్పుడు మాతోని సుత అన్నవు గద. మీ మామ రెండేండ్లసంది ఆ ఎండ దిక్కే చూస్తుండు. నేను చూస్తలేననుకుంటుండు."

రాజం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఎండలోకి చూశాడు, నన్ను చూశాడు. లేచి మూలన ఉన్న గోనెసంచిని తెచ్చుకుని దాని మీద కూర్చున్నాడు. ప్యాంటు పాడవుతుందని కూడా చూసుకోలేదు.

"గాలి అంటే మామా..." అని అరిచాడు. "గాలిల సన్న సన్నయి ఉంటయి. కంటికి ఆనవు. అవి..." వెతుక్కున్నాడు. "అవి పిండిని..."

గొంతు మునిగింది. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. వాడు మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. మొహం ఎర్రబడింది.

"నాకు తెలుసు మామా. ఒట్టు, తెలుసు. తెలుగుల మాటలు వస్తలేవు. అక్కడ తెలుగుల ఎవలతోని మాట్లాడ్త?"

"ఏ భాషల నేర్సుకున్నవో గా భాషలనే చెప్పు."

"ఇంగ్లీషుల చెప్తే నీకు సమజ్ కాదు గద."

"నాకు కాకపోతే పిండికైతది. చెప్పు."

వాడు చెప్పాడు. మల్లవ్వ డబ్బా ఖాళీ అయ్యి, ఇంకొకరి డబ్బా తొట్టిలో పడేదాకా చెప్పాడు. చేతులు తిప్పుతూ, ఎండలో వేలు పెట్టి చూపిస్తూ, ఇంజను మీదుగా, పటా మీదుగా అరిచి చెప్పాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను మాటలు వినడం మానేసి గొంతు విన్నాను. తగ్గుతుందేమోనని చెయ్యి మోకాలి మీద సిద్ధంగా పెట్టుకుని విన్నాను. ఎక్కడా తగ్గలేదు. ఎత్తడానికి నాకు అవకాశమే రాలేదు.

బయట మోటరు హారన్ మోగింది. వాడు లేచి నా కాళ్ళకు వంగాడు. "మళ్ళ వచ్చినప్పుడు తెలుగుల చెప్త మామా."

"మోటరు పోతది, ఉరుకు" అన్నాను.

వాడు పరుగెత్తాడు. ప్యాంటు వెనక తెల్లగా పిండి.

"ఏమన్నడు పోచన్నా? ఎందుకు పడదట?" అంది మల్లవ్వ.

"మంచిగ చెప్పిండు."

"గది కాదు, ఏం చెప్పిండని."

"అంతా చెప్పిండు" అని తొట్టివైపు తిరిగాను.

ఎండలో పిండి ఎప్పటిలాగే ఆడుతోంది. గోనెసంచి మీద మాత్రం, వాడు కూర్చుని లేచిన చోట, అది అప్పుడే సన్నగా పడుతోంది. చీకటిపడి ఇంజను ఆపాక చూస్తే వాడు కూర్చున్న జాడ లేదు. సంచిని బయటికి తీసుకుపోయి దులిపి, తెచ్చి వాడి చోటులోనే పరిచాను.