నెమలికంఠం రంగు ఫోన్

పది వేల లోపు మంచి ఫోన్ ఏదో తేల్చడానికి నాకు పదహారు రోజులు పట్టింది. దాన్ని కాదనడానికి మా నాన్నకు ఒక్క నిమిషం పట్టింది.

ఆ పదహారు రోజుల్లో నేను చూసిన వీడియోలకు లెక్కలేదు. ఒకాయన బ్యాటరీయే ప్రాణమంటాడు. ఇంకొకాయన ప్రాసెసర్ మంచిది కాకపోతే అది ఫోనే కాదంటాడు. మూడో ఆయన వచ్చి ముందు ఇద్దరూ కంపెనీల దగ్గర డబ్బులు తీసుకుని చెబుతున్నారంటాడు. వనపర్తిలో ఉండే మా బావ నరేందర్‌ను అడిగితే, "యాభై మెగాపిక్సెల్ కెమెరా ఉండాలె, గంతే. మిగతాయన్ని ఉత్త ముచ్చట్లు" అన్నాడు. మా అమ్మ రామేశ్వరమ్మకు కావలసింది ఒక్కటే, మగ్గం చప్పుడులో కూడా రింగు వినపడాలి. దాన్ని మాత్రం నేను లెక్కలోకి తీసుకోలేదు. చివరికి కాగితం మీద మూడు పేర్లు రాసి, రెండు కొట్టేసి, ఒకటి మిగిల్చాను. తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది.

అసలు ఫోన్ గొడవ ఎందుకొచ్చిందో చెప్పాలి. మాది గద్వాల. ఇంట్లో ఒక గుంట మగ్గం. నాన్న పేరు అంజన్న, నలభై ఏళ్లుగా దాని మీదే ఉన్నాడు. నేసిన చీర దుకాణం సేటుకు ఇవ్వడం, ఆయన ఎంతంటే అంతకు తలూపడం, ఇదీ మా బతుకు. నా డిగ్రీ అయ్యాక, ఫోటోలు పెట్టి మనమే నేరుగా అమ్ముదామని నేను పట్టుబట్టాను. మొదటి గిరాకీ హైదరాబాద్ నుంచి ధనలక్ష్మిగారు. నెమలికంఠం రంగు చీర, జరీ అంచు. నచ్చితే చెల్లెలి పెళ్లికి ఇంకో ఐదు నేయించుకుంటానన్నారు. చీర వెళ్లింది, వారం తిరక్కుండా వాపసు వచ్చింది. వెనకే మెసేజ్. "ఫోటోలో ఒక రంగు చూపించి ఇంకో రంగు పంపారు. ఇది మోసం. ఈ నెలాఖరు లోపు అసలు రంగు ఏదో ఫోటో తీసి పంపండి. లేకపోతే నేను వేరేచోట చూసుకుంటాను."

దాన్ని నేను బయటికి చదవకుండా ఉండాల్సింది. చదివాను. నాన్న మగ్గం ఆపి, "మోసమా" అని ఒక్క మాట అన్నాడు. ఆ పూట అన్నం సగంలో లేచిపోయాడు.

మా నాన్నకో అలవాటు ఉంది. నేసిన ప్రతి చీర నుంచీ ఒక పోగు తీసి, మగ్గం పక్కన మేకుకు వేలాడే తాడుకు ముడి వేస్తాడు. ఇరవై ఏళ్ల కింద తల్లి కట్టిన చీర రంగే కావాలని కూతురు సేటు దుకాణానికి వస్తే, ఆ ముడి వెతికి, ఆ పోగు పక్కన పెట్టుకుని అద్దుతాడు. అలాంటి మనిషిని, రంగు మార్చావని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఆయన మొహం చూసి నాకు నోరు ఆగలేదు.

"నీ తప్పు కాదు నాయినా. ఫోనే ఖరాబైంది. రంగు తప్పు చూపెడ్తుంది" అన్నాను.

ఫోన్ ఖరాబు కాలేదు. అద్దం పగిలింది, మధ్యాహ్నానికల్లా చార్జింగ్ అయిపోతుంది, అది వేరే సంగతి. కెమెరా నిక్షేపంగా ఉంది. ఆ ఫోటో నేను ట్యూబ్‌లైటు కింద తీశాను. చీర మబ్బు పట్టినట్టు కనిపించింది. దొరక్క దొరక్క దొరికిన గిరాకీ జారిపోతుందేమోనని, ఫోటో తెరిచి రంగు గీతను వేలితో కొంచెం కుడివైపుకు జరిపాను. బాగుందనిపించి ఇంకొంచెం జరిపాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కిన అడుసుకు ఫోన్ కాలు కడుగుతున్నాను.

శనివారం పొద్దున బయల్దేరుతుంటే నాన్న కూడా చెప్పులేసుకున్నాడు. చేతిలో రుమాలు, రుమాల్లో ఆ పోగుల తాడు.

"నువ్వెందుకు నాయినా? ఏం కొనాల్నో నేను రాసుకున్న. ఫోన్ల సంగతి నీకు తెల్వదు గద."

"ఫోన్ తెల్వదు. రంగు తెలుసు" అన్నాడు.

పాత బస్టాండు దగ్గర ఫోన్ల దుకాణం గిరిధర్‌ది. నా కాగితం చూడగానే అతని మొహం విచ్చుకుంది. "మంచి మోడల్ పట్టినవ్ అక్కా, గిప్పుడు గిదే నడుస్తుంది" అని ఫోన్ చేతికిచ్చాడు. నేను బిల్లు రాయమనే లోపు నాన్న రుమాలు విప్పాడు. తాడులోంచి నెమలికంఠం పోగు వెతికి పట్టుకుని, పైన లైట్ల వంక చూశాడు.

"లైటు కింద రంగు చూడొద్దు. బయట ఎండల చూడాలె."

"బయటికి రాదు కాకా, బల్లకు వైరుంది" అన్నాడు గిరిధర్.

"ఇప్పు."

"ఇప్పితే సైరన్ మోగుతది."

మోగింది. పక్క టిఫిన్ సెంటర్‌లో తినేవాళ్లు ప్లేట్లతో సహా బయటికొచ్చి చూశారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అందరూ ఫోన్ కొనడానికి లోపలికి వస్తుంటే మా నాన్న ఫోన్లను నడిరోడ్డు మీదికి తెస్తున్నాడు.

ఎండలో అరచేయి చాపి, పోగు దాని మీద పెట్టుకుని, తియ్యమన్నాడు. గిరిధర్ తీశాడు. నా పదహారు రోజుల ఫోన్‌లో ఆ పోగు తళతళలాడే నీలంగా వచ్చింది. నాన్న ఫోన్ వంకా, అరచేతి వంకా చూశాడు.

"గిది నా పోగు కాదు."

"నాయినా, యాభై మెగాపిక్సెల్."

"ఎన్నుంటె ఏంది బిడ్డ. అబద్ధం అబద్ధమే."

గిరిధర్ సర్దిచెప్పబోయాడు. "గా ఫోన్ దానంతట అదే జర మెరుగు పెడ్తది కాకా. మంది గదే అడుగుతరు."

"మంది సంగతి నాకెందుకు. ఇంకోటి తే."

రెండోది తెచ్చాడు. పచ్చదనం చచ్చిపోయింది. మూడోదానిలో పోగు బాగానే ఉంది కాని నాన్న అరచేయి పెళ్లికొడుకు చేయిలా తెల్లగా వచ్చింది. "నా చెయ్యి నాకు తెల్వదా" అని దాన్నీ పక్కన పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోతోంది. ఎండకు కాదు. నేనాడిన ఒక్క అబద్ధానికి ఈ మనిషి ఇంత ఓపిక పెట్టడం చూడలేక మండుతోంది. ఏదో ఒకటి కొని ఇంటికి పోతే చాలనుకున్నాను.

నాలుగోది గిరిధర్ కింది అరలోంచి తీశాడు. ఏడు వేల అయిదు వందలు. ఏ వీడియోలోనూ దాని పేరు విన్న పాపాన పోలేదు. నెమలికంఠం అంటే నీలం పడుగు, పచ్చ పేక కలిసే రంగు, అందుకే నాన్న ముడిలో ఆ రెండు పోగులనూ మెలివేసి ఉంచుతాడు. ఒకవైపు నుంచి నీలం, ఇంకోవైపు నుంచి పచ్చ. ఈ ఫోన్‌లో రెండూ ఉన్నాయి.

"గిది సై" అన్నాడు నాన్న.

"దీని ప్రాసెసర్ మంచిగుండదు నాయినా."

"గదేం జేస్తది?"

"గేములు ఆడితే ఆగి ఆగి నడుస్తది."

"మనింట్ల ఎవరాడుతరు, మీ అమ్మనా?"

గిరిధర్ నవ్వాడు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. బిల్లు రాయించి పోవచ్చనుకున్నాను. కాని కొత్త రంగు అద్దినప్పుడల్లా పాత పోగు పక్కన పెట్టి చూడందే మా నాన్నకు పని పూర్తయినట్టు కాదు. నా వైపు చెయ్యి చాపాడు.

"మన పాతది ఇటియ్యి."

"ఎందుకు?"

"ఎంత తప్పు చూపెడ్తుందో చూడాలె గద."

"చార్జింగ్ లేదు నాయినా."

"ఇటియ్యి అక్కా, పెడ్త" అన్నాడు గిరిధర్. అంతవరకు ఎంత విసిగిపోయాడో, ఆ ఒక్క పనికి మాత్రం ఎక్కడ లేని ఉత్సాహం వచ్చింది. పది నిమిషాలు చార్జింగ్ పెట్టి, ఫోన్ బయటికి తెచ్చి, నాన్న అరచేతిలోని పోగును తీశాడు.

పగిలిన అద్దం కింద పోగు ఉన్నది ఉన్నట్టే వచ్చింది. నాన్న కొత్తది ఒక చేత్తో, పాతది ఒక చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. "రెండు ఒక్కటే చెప్తున్నయి" అన్నాడు. తర్వాత నన్ను చూశాడు.

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. "ఫోన్ తప్పు కాదు నాయినా. ఫోటోల రంగు నేనే పెంచిన" అన్నాను. గిరిధర్ ముందే ఏడుపు వచ్చేసింది. ఏ గీత ఎటు జరిపానో, ఎందుకు జరిపానో అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అయితే గామె మోసమన్నది నిజమే అన్నట్టు" అన్నాడు.

ఏడు వేల అయిదు వందలు లెక్కపెట్టి గిరిధర్‌కు ఇచ్చి, "నిన్ను చాన పరేషాన్ చేసినం" అని చెప్పి, దుకాణం మెట్ల మీద కూర్చున్నాడు. "ఆమెకు ఫోన్ చెయ్యి. నాకు చెప్పినట్టే చెప్పు."

చెప్పాను. స్పీకర్లో, నడిబజార్లో, సిగ్గు చచ్చి చెప్పాను. ధనలక్ష్మిగారు అంతా విన్నారు.

"నిజం చెప్పావు, సంతోషం. కాని నాకు ఆ ఫోటోలో రంగే కావాలమ్మా. అది చూసే కదా చీర అడిగాను. ఆ రంగులో పెళ్లికి ఆ ఐదు చీరలూ నేస్తారా?"

నేను నెత్తి పట్టుకున్నాను. ఆ రంగు లోకంలో ఎక్కడుంది, నా వేలి కింద తప్ప? అది చేతకాదని చెప్పబోతుంటే నాన్న ఫోన్ లాక్కున్నాడు.

"నేస్త అమ్మా, అయిదుకు అయిదు. ముందుగాల పోగు పంపుత. చూసి నచ్చితేనే మగ్గం ఎక్కిస్త."

ఫోన్ నా చేతిలో పెట్టి లేచాడు. "రంగు పుట్టించింది నువ్వు. అద్దేది గూడ నువ్వే" అన్నాడు.

ఇంట్లో నాన్న ఉన్నాడు కదా అని నేనెప్పుడూ రంగు గిన్నె ముట్టినదాన్ని కాదు. ఆ తర్వాత తొమ్మిది రోజులు మరుగుతున్న నీళ్ల ముందు కూర్చుని కళ్లు మండాయి. నీలం కుదిరితే పచ్చ కుదరదు, పచ్చ కుదిరితే నీలం నల్లబడుతుంది. వేలితో అర సెకనులో జరిపిన దాన్ని చేత్తో అందుకోవడానికి నా తాతలు దిగి వచ్చారు. ప్రతిసారీ నాన్న దారం ఆరబెట్టి, ఎండలోకి పట్టుకెళ్లి, కొత్త ఫోన్‌లో నా ఫోటో తెరిచి పక్కన పెట్టేవాడు. "కాలె" అనేవాడు. ఆరుసార్లు అన్నాడు. నా వేళ్లు ఎంత నీలమయ్యాయంటే, ఫోన్ తాళం తియ్యడానికి వేలు పెడితే ఆ ఫోన్ కూడా నన్ను గుర్తుపట్టలేదు.

ఏడోసారి పోగు కవర్లో పెట్టి, పోస్టులో వేసి రమ్మన్నాడు.

నాలుగో రోజు చూసుకుంటే ధనలక్ష్మిగారి నుంచి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. మగ్గం చప్పుడులో రింగు వినపడలేదు. "నేను ముందుగాలనే మొత్తుకున్న. నా మాట ఎవలు వింటరు ఈ ఇంట్ల" అని అమ్మ అందుకుంది. ఆమె దండకం సాగుతుండగానే నేను తిరిగి చేశాను. "ఇదే రంగు. మొదలుపెట్టండి" అన్నారు ధనలక్ష్మిగారు.

నాన్న గుంటలోంచి పైకి వచ్చి, మేకుకున్న తాడు దించాడు. నలభై ఏళ్ల ముడుల చివర నేను అద్దిన పోగు పెట్టి, ముడి వేసి, రెండుసార్లు లాగి చూశాడు.

"గిప్పుడు నిజమైంది బిడ్డ, నీ ఫోటో" అన్నాడు.