ఐదో తీగ

శనివారం ఉదయం నోరీన్ నిద్ర లేచేసరికి ముక్కు కొస మొద్దుబారిపోయి ఉంది. దుప్పటి చుట్టుకునే హాల్లోకి వచ్చి గోడ మీద ఇంటి వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ చూసింది. పదమూడు డిగ్రీలు. బయట మైనస్ ఇరవై ఏడు.

సోమవారం పద్దెనిమిది ఉంది. బుధవారం పదహారయింది. పెంచుదామని వేలు పెడితే నాలుగంకెల సంకేతం అడిగింది. ఆ సంకేతం భర్త డేల్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఉన్నచోటి నుంచే ఫోన్‌తో తగ్గిస్తున్నాడు. ఇంటర్నెట్ పెట్టె కాసేపు పీకేసి చూసినా లాభం లేకపోయింది. చివరిసారి పెట్టిన అంకె దగ్గరే అది మొండికేసి కూర్చుంది.

ఫోన్ టింగుమంది. డేలే.

"చలిగా ఉందా? సంతకం పెట్టెయ్. వెచ్చటి అపార్ట్‌మెంట్ చూసుకో."

డేల్ ఇల్లు వదిలి వెళ్ళి నాలుగు నెలలయింది. థండర్ బే ఊరికి ఆ చివర, తన కొత్త స్నేహితురాలి ఇంట్లో ఉంటున్నాడు. ఈ ఇల్లు అమ్మేయాలని అతని పట్టు. కోర్టు తేల్చేదాకా ఇక్కడే ఉండే హక్కు తనకుందని నోరీన్ పట్టు. అతను వెళ్ళిన మర్నాడే తలుపుల తాళాలు మార్పించింది. గోడ మీద ఇంకో తాళం ఉందని అప్పుడు తట్టలేదు.

థర్మోస్టాట్ కంపెనీకి ఫోన్ చేసింది.

"అకౌంట్ మిస్టర్ డేల్ హక్కాలా గారి పేరు మీద ఉంది మేడమ్. మార్చాలంటే ఆయన అనుమతి కావాలి," అన్నాడు అవతలి మనిషి.

"నన్ను గడ్డకట్టిస్తున్నది ఆయనే నాయనా."

"అర్థమైంది మేడమ్. ఆయన్ని ఒకసారి అడిగి..."

ఫోన్ పెట్టేసింది. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ మరమ్మతు చేసేవాళ్ళకి చేస్తే, తొమ్మిది రోజుల దాకా ఖాళీ లేదన్నారు. ఇరవై రెండేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతున్న మనిషి నోరీన్. గడ్డకట్టిన డీజిల్‌నీ, చచ్చిపోయిన బ్యాటరీనీ, వెనక సీట్లలో కొట్టుకునే నలభై మంది పిల్లల్నీ ఒంటిచేత్తో దారికి తెచ్చిన మనిషి. తొమ్మిది రోజులు ఎందుకు ఆగాలో ఆమెకి అర్థం కాలేదు. కారు తాళాలు తీసుకుంది.

హార్డ్‌వేర్ కొట్లో కుర్రాడు చక్రం తిప్పే మామూలు రకం థర్మోస్టాట్ ఒకటి చూపించాడు. "ఇది తేలికండీ. ఆ ఫోన్‌తో నడిచేవి తలనొప్పి. మీ ఆయన వచ్చి చూసుకుంటే..."

"మా ఆయన చూసుకోబట్టే ఇక్కడికొచ్చాను. ఆ తలనొప్పిదే ఇవ్వు. బస్సులో ఉన్నా నా ఇల్లు ఎంత వెచ్చగా ఉందో నాకు తెలియాలి. ఆయన దగ్గరున్నదానికంటే తక్కువది నాకెందుకు?"

ఇంటికొచ్చేసరికి ఎదురింట్లోంచి ఐలీ వచ్చి, నోరీన్ ఇచ్చిన తాళంచెవితో తలుపు తీసుకుని, కోటూ టోపీ తియ్యకుండానే వంటింట్లో కూర్చుని ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. డేల్ తల్లి. శనివారాలు యాలకుల రొట్టె చేసి పట్టుకొస్తుంది.

"ఏమే, ఇంట్లో ఈ చలేమిటి? ఫర్నేస్ పాడయిందా?"

నోరీన్ ఫోన్ చేతికిచ్చింది. ఐలీ కళ్ళద్దాలు పెట్టుకుని, కొడుకు పంపినవన్నీ మొదటి నుంచి చదివింది. మొహం ఎర్రబడింది.

"టార్చి ఎక్కడుంది?" అంది.

"మీరెందుకు అత్తయ్యా, కూర్చోండి."

"కూర్చుంటే నేనూ గడ్డకట్టుకుపోతాను. టార్చి ఎక్కడుందో చెప్పు."

నేలమాళిగలో కరెంటు పెట్టె తెరిస్తే, ప్రతి మీట పక్కనా డేల్ చేతిరాత ఉంది. "ఫర్నేస్" అని రాసి ఉన్న మీటని నోరీన్ కిందికి వేసింది. పైకి వచ్చి పాత థర్మోస్టాట్‌ని గోడ నుంచి ఊడలాగింది. వెనక నాలుగు సన్నటి తీగలున్నాయి. ముందు ఫోటో తీసింది. తర్వాత ప్రతి తీగకీ ఒక కాగితం ముక్క అతికించింది. ఎరుపు కరెంటుకి, తెలుపు వేడికి, పసుపు చల్లదనానికి, ఆకుపచ్చ ఫ్యానుకి.

"కొత్తదానికి ఐదు కావాలట," అంది దాంతో వచ్చిన కాగితం చదువుతూ. "ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి కాబట్టి కరెంటు తిరిగి వెళ్ళే దారి ఒకటుండాలి. 'సి' అని రాసిన చోట."

"ఐదోది లేదుగా."

నోరీన్ గోడ కన్నంలో వేలు పెట్టి వెతికింది. లోపల ఏదో మెత్తగా తగిలింది. మెల్లగా లాగితే, చుట్ట చుట్టుకుని నీలం తీగ బయటికొచ్చింది. ఇల్లు కట్టినవాళ్ళు వేసి, ఎవరూ వాడక వదిలేసిన తీగ.

మళ్ళీ కిందికి దిగి ఫర్నేస్ తలుపు తీస్తే రెండో కొస అక్కడా అలాగే చుట్టుకుని ఉంది. 'సి' మరకి అప్పటికే ఒక తీగ బిగించి ఉంది. బయట ఉన్న ఏసీ పెట్టెకి వెళ్ళేది. మర వదులు చేసి, దాని పక్కనే నీలం తీగ దూర్చబోయింది. చెయ్యి జారింది. తీగ కొస ఒకేసారి ఆ మరకీ, పక్కనున్న ఎర్ర తీగ మరకీ తగిలింది. చిటుక్కుమని చిన్న మెరుపు.

ఇద్దరూ వెనక్కి గెంతారు.

"మీట ఆపానే!" అంది నోరీన్. పరుగున వెళ్ళి చూస్తే, మూల పాత ఫ్రీజర్ చడీచప్పుడూ లేకుండా పడి ఉంది. డేల్ పేర్లు తారుమారుగా రాశాడు. ఆపింది ఫ్రీజర్ని, ఫర్నేస్‌ని కాదు. అసలు మీట వెతికి ఆపి, తీగ బిగించి, మళ్ళీ వేసింది. ఫర్నేస్‌లో ప్రాణం లేదు, లోపలి చిన్న దీపం కూడా వెలగలేదు. ఇంతకుముందు పదమూడు డిగ్రీలైనా ఇచ్చేది. ఇప్పుడు అదీ లేదు.

నోరీన్ మెట్ల మీద కూలబడింది. పైపులు గడ్డకట్టి పగిలితే డేల్ కోర్టులో ఏమంటాడో చెవుల్లో వినబడుతూనే ఉంది.

"ఎవరికైనా ఫోన్ చేద్దామా?" అంది ఐలీ నెమ్మదిగా.

"వద్దు. ఆ టార్చి ఇటు పట్టండి."

ఫర్నేస్ లోపలి ఆకుపచ్చ సర్క్యూట్ పలక మీద, గోరంత ప్లాస్టిక్ ముక్క ఒకటి ఊదా రంగులో కనిపించింది. నోరీన్ దాన్ని లాగి వెలుతుర్లో పెట్టింది. మధ్యలో సన్నటి లోహపు పోగు తెగి ఉంది. ఆమెకి నవ్వొచ్చింది.

"అత్తయ్యా, ఇది ఫ్యూజు! మా బస్సుల్లో ఉండే రకమే. నెలకి రెండు మారుస్తాను!"

కారు డిక్కీలో రంగురంగుల ఫ్యూజుల డబ్బా ఉంది. మూడు ఆంపియర్లది, ఊదా రంగుది, అడుగున ఒకే ఒక్కటి దొరికింది. ఈసారి అసలు మీట ఆపి, రెండుసార్లు చూసుకుని, ఫ్యూజు నొక్కింది. పైన ఐదు తీగలూ వాటి వాటి చోట్ల దూర్చి, కొత్త థర్మోస్టాట్‌ని గోడకి బిగించి, కిందికెళ్ళి మీట వేసింది. థర్మోస్టాట్ పేరు అడిగితే తన పేరిచ్చింది. సంకేతం అడిగితే తనకి మాత్రమే తెలిసినది పెట్టింది. ఇరవై రెండుకి తిప్పింది.

కింద ముందు చిన్న ఫ్యాను గుర్రుమంది. తర్వాత టిక్కుమంది. భగ్గుమని మంట అందుకున్న చప్పుడు. కాసేపటికి నేల జాలీలోంచి వెచ్చటి గాలి వచ్చింది. ఐలీ బూట్లు విప్పి, మేజోళ్ళ పాదాలు రెండూ జాలీ మీద పెట్టి నిలబడింది.

మూడు గంటలకి డేల్ ట్రక్కు వాకిట్లో ఆగింది. మంచు దులుపుకోకుండానే తలుపు బాదాడు.

"నా థర్మోస్టాట్ ఏది? ఫోన్లో కనెక్షన్ పోయిందని చూపిస్తోంది."

నోరీన్ గడపలోనే నిలబడి ప్లాస్టిక్ సంచి అందించింది. "ఇదిగో. మరలు కూడా అందులోనే ఉన్నాయి."

"ఎవడు పెట్టాడు కొత్తది?"

"నేనే."

"నువ్వా? ఇల్లు తగలబెడతావు!"

"తగలబెడితే వెచ్చగానే ఉంటుందిగా. నీకెందుకు బెంగ?"

"సగం ఇల్లు నాది, నోరీన్. మర్యాదగా సంతకం పెట్టు."

"పెట్టను. నువ్వు పంపినవన్నీ పొద్దున్నే మా లాయరుకి పంపించాను. ఏ రోజు ఎంత తగ్గించావో తారీఖులతో సహా."

అతను లోపలికి అడుగు వేయబోయి ఆగిపోయాడు. నోరీన్ భుజం వెనక తల్లి కనిపించింది.

"అమ్మా, నువ్విక్కడేం చేస్తున్నావు?"

"టార్చి పట్టుకున్నాను," అంది ఐలీ.

"ఆవిడ మాటలు నమ్మకు. నీకేం తెలియదు..."

"చదవడం తెలుసురా నాకు. నిన్ను కన్నాను గానీ, ఆ ఫోన్లో మాటల్ని నేను కనలేదు. వెళ్ళు. తలుపు తెరిచి ఉంటే వేడంతా పోతోంది."

డేల్ సంచి పట్టుకుని మెట్లు దిగాడు. నోరీన్ తలుపు వేసి గడియ పెట్టింది. ఐలీ రొట్టె కోసి రెండు ముక్కలు ఎక్కువే పెట్టింది.

మార్చిలో కోర్టు, ఇంట్లోని ఏ పరికరాన్నీ డేల్ దూరం నుంచి ముట్టుకోకూడదని కాగితం ఇచ్చింది. ఇంటి సంగతి ఇంకా నడుస్తూనే ఉంది.

జూన్‌లో ఉక్కపోత మొదలైన రోజున నోరీన్ మొదటిసారి ఏసీ వేసింది. ఫ్యాను తిరిగింది గానీ, బయటి పెట్టె ఉలకలేదు. బస్సు డిపోలో ఆ మాట చెబితే తోటి డ్రైవరు, "నాకు తెలిసిన మెకానిక్ ఒకడున్నాడు, పంపించనా?" అన్నాడు.

"ఎందుకు? నా తీగలు నాకు తెలుసు," అంది నోరీన్.

ఇంటికెళ్ళి మీట ఆపి, ఫర్నేస్ తలుపు తీసింది. జనవరిలో ఆ మర బిగించేటప్పుడు ఏసీ తీగ సగం బయటికి జారినట్టుంది. లోపలికి తోసి గట్టిగా బిగించింది. మీట వేసి పెరట్లోకి వెళ్ళి నిలబడింది. ఐదు నిమిషాలకి పెట్టె ఒకసారి దడదడలాడి, నిలదొక్కుకుని తిరగడం మొదలుపెట్టింది.