సహకరించని పిల్ల

"నీళ్ళలో మునిగితే పైకెటో కిందికెటో దీనికి తెలుస్తుందంటారా?"

ఆసుపత్రికి వెళ్ళే ట్రామ్‌లో పక్కన కూర్చున్న ముసలావిడను లీవ అడిగిన మాట అది. ఆవిడెవరో లీవకు తెలియదు.

"ఊళ్ళోవాళ్ళందరికీ నా సంగతి చెప్పకమ్మా," అంది తొమ్మిదేళ్ళ ఫెన్న, తల్లి పెదాలు చూసి.

ఫెన్నకు పుట్టుచెవుడు. రెండు చెవులకూ మిషన్లున్నాయి. సైకిలెక్కితే ఇప్పటికీ పక్కకు ఒరిగిపోతుంది. సోమవారం నుంచి బడిలో ఈత పాఠాలు. లోపలి చెవి దెబ్బతిన్న పిల్లలకు నీటి అడుగున దిక్కు తెలియదని విన్నప్పటినుంచీ లీవకు కునుకు లేదు. చెవిటిపిల్లల ఒంటి నిలకడ మీద గెంట్ నగరం ఆసుపత్రిలో ఏదో పరిశోధన జరుగుతోందంటే, చదవకుండానే కాగితాలన్నిటిమీదా సంతకాలు పెట్టేసింది.

పరీక్ష చేసే యోరిస్ మర్యాదస్తుడే. ఫెన్నను తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళ తొడుగు పట్టీకి అడ్డమని చెవిమిషన్లు తీసి, ఆ నల్లటి తొడుగు బిగించాడు. కనుపాపలు ఎలా కదులుతున్నాయో అందులోని కెమెరా చూస్తుందట; దాన్నిబట్టి లోపలి చెవి పనిచేస్తోందో లేదో తెలుస్తుందట. దీపం ఆర్పాడు. కుర్చీ తిరిగింది.

"కళ్ళు తెరిచే ఉంచు ఫెన్నా," అన్నాడు వెనకనుంచి. "నీ స్నేహితుల పేర్లు చెప్పు."

ఫెన్న పేర్లు చెప్పలేదు; కెమెరా తెరమీద ఆమె కళ్ళు మూసుకునే ఉన్నాయి. ఇంకో రెండుసార్లు చెప్పి, దీపం వేసి, ఏదో టైపు చేశాడు.

"సహకరించలేదండీ. ఈ పరిశోధనకు పనికిరాదు."

"మరి సోమవారం ఈత?"

"అది మా చేతుల్లో లేదు. మామూలు పరీక్షకైతే ఏడు నెలలు ఆగాలి. కొందరు పిల్లలు మొండికేస్తారు, ఏం చేస్తాం."

లీవ కూతురి తొడుగు తీసి, మిషన్లు తగిలించింది. "కళ్ళెందుకు మూశావే?"

"చీకట్లో తిప్పుతుంటే భయమేసింది. మూయొద్దని ఎవరూ చెప్పలేదుగా."

లీవకు ఒళ్ళు మండిపోయింది. గొంతు మాత్రం పెంచలేదు.

"ఆ కాగితం మీద దీని జబ్బేమని రాసుంది బాబూ?"

"తీవ్రమైన వినికిడి లోపం."

"చెవిమిషన్లు తీసిందెవరు?"

"నేనే, కానీ..."

"దీపం ఆర్పిందీ నువ్వే. చెవులు తీసేశావు, పెదాలు కనపడకుండా చేశావు, వీపు వెనక నిలబడి గొణిగావు. ఆఖరికి మొండిదని రాశావు. బడి వంటింట్లో గిన్నెలు తోముకునేదాన్ని, నాకు తెలిసింది నీకు తెలియలేదా? ఇది రేపు ఈతకొలనులో మునిగితే, అప్పుడూ సహకరించలేదనే రాస్తావా? ఇలా పనికిరారని ఎంతమందిని తీసేశావు?"

యోరిస్ తెరమీద జాబితా తెరిచాడు. ఒక్కో పేరు దగ్గరా ఆగుతూ కిందిదాకా వెళ్ళాడు. మళ్ళీ పైకి వచ్చాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. లీవ సంచీ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఫెన్న అతని పెదాలవంకే చూస్తోంది.

అతను తన కుర్చీని ఫెన్న ఎదుటికి తిప్పుకున్నాడు.

"పదకొండుమందిని," అన్నాడు ఆ పిల్లకు తెలిసేలా నిదానంగా. "తప్పు నాది. ఇప్పుడే మళ్ళీ చేద్దామా? ముందే అంతా చెబుతాను. చీకట్లో నీ చేతిమీద తడితే, కళ్ళు తెరవమని అర్థం."