ఐలయ్య చెప్పిన పేర్లు

చాటలో బియ్యం పోసుకుని మట్టిపెళ్లలు ఏరుతున్న నీలమ్మ ముందు ఐలయ్య చతికిలబడ్డాడు. కూతురు అనూష నోటుబుక్కులోంచి చింపిన కాగితం, ఒక పెన్ను ఆమె వైపు జరిపాడు.

"ఏమే, జర కొన్ని పేర్లు రాసియ్యి. రేపు మీటింగ్‌ల చదవాలె."

ఐలయ్యకు చదువు రాదు. ఏడో తరగతి దాకా చదివిన నీలమ్మే రేషన్ కార్డు దరఖాస్తు నుంచి బడి ఫారాల వరకు అన్నీ రాస్తుంది. చేతులు చెంగుకు తుడుచుకుంది. "ఏం పేర్లు?"

"తాగినప్పుడు ఎవర్ని బాధ పెట్టిన్నో ఆళ్లందరి పేర్లు. ఒక్కొక్కళ్ల కాడికి పోయి మాఫీ అడగాలె. బ్రదర్ చెప్పిండు."

బ్రదర్. ఆ మాట నీలమ్మకు గిట్టదు. బ్రదర్ ఇమ్మానుయేలు చెడ్డవాడు కాదు, చిక్కల్లా అదే. గుంటూరు వైపు మనిషి, బాలానగర్‌లో ఫ్యాక్టరీ పని. తానూ ఒకప్పుడు తాగుబోతునేననీ, ప్రభువు చెయ్యి పట్టుకుని లేచాననీ దాపరికం లేకుండా చెబుతాడు. ఇప్పుడు కొండాపూర్‌లో ఒక కిరాయి గదిలో తాగుడు మానాలనుకునే మగవాళ్లను కూర్చోబెట్టి, బైబిలు చదివి, ప్రార్థన చేసి, వాళ్ల లోపలున్నది బయటికి చెప్పిస్తాడు. మనసు లాగినప్పుడు ఏ వేళకైనా ఫోన్ చేయమన్నాడు. గోడ కడుతూ కడుతూ తాపీ వదిలేసి ఐలయ్య ఎస్టీడీ బూత్‌కు పరుగెడతాడు. మూడు నెలలైంది, చుక్క ముట్టలేదు.

పదహారేళ్లు నీలమ్మ ఏడ్చింది, తిట్టింది, ఎల్లమ్మకు మొక్కింది, మురికి మోరీ పక్కన పడివున్న మనిషిని ఈడ్చుకొచ్చి కడిగింది. "ఆడదాని మాట ఇనుడేంది" అన్నాడు. ఎవరో మగవాడు భుజం మీద చెయ్యి వేస్తే విన్నాడు. మానినందుకు ఆమెకు సంతోషం లేదా అంటే ఉంది. ఆ సంతోషం మీద తన పేరు లేదు, అంతే.

బుధవారం మీటింగు వీళ్ల ఇంట్లోనే. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో రెండంతస్తుల బాత్రూములు కడిగి వచ్చి, నీలమ్మ పన్నెండుమందికి చాయ్ పెడుతుంది. ఒక బుధవారం గ్లాసుల పళ్లెంతో తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపల ఐలయ్య ఏడుస్తున్నాడు. అనూష కంటే ముందు పుట్టి, వారం బతికిన బిడ్డ గురించి చెబుతున్నాడు. గుంట తవ్వి పెట్టి వచ్చిన నాటి నుంచి చేతులు వణికేవట, తాగితేనే ఆగేవట. ఆ బిడ్డను కన్నది నీలమ్మ. ఆ మాట ఒక్కసారి ఆమెతో అని ఉంటే ఇద్దరూ కలిసి ఏడ్చేవాళ్లు కదా! సవతి ఆడదైతే జుట్టు పట్టుకుని గల్లీలోకి ఈడ్చేది. "వందనాలు చెల్లెమ్మా, టీ చాలా బాగుందండి" అనే సవతిని ఏం చేయాలి?

"రాస్తున్నవా?"

"చెప్పు."

"మా పెద్దన్న. గల్లా పట్టి కొట్టిన. తర్వాత సంతోష్, ఇటుకలు మోసేటోడు, ఆని తల్లిని తిట్టిన. చాయ్ బండి సాయమ్మ. ఆమె మీదికి గ్లాసు ఇసిరిన. పాపం, మంచి మనిషి."

పెన్ను ఆగింది. సాయమ్మకు ఆ గ్లాసు తగలనైనా లేదు. అతని దెబ్బకు ఒకసారి నీలమ్మ కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి, జారిపడ్డానని దవాఖానలో చెప్పింది. సాయమ్మకు మాత్రం 'పాపం' దొరికింది. చాయ్ అమ్ముకునే ముసలిదాని మీద అసూయ పడుతున్నందుకు సిగ్గేసింది. సిగ్గేసినా అసూయ తగ్గలేదు. ఐలయ్య ఊపిరి పీల్చుకున్న ప్రతిసారీ ఇక తన పేరే అనుకుంది. వేరే పేరు వచ్చింది. రాసింది.

పదకొండో పేరు అయ్యాక అడిగింది. "కల్లు కాంపౌండ్ కాడి కుక్కను తన్నినవు గదా, దాన్నీ రాయాల్నా?"

ఐలయ్య కాసేపు నిజంగానే ఆలోచించాడు. "రాయి. అదీ ప్రాణమే గదా. ఇగ అయిపోయింది."

"ఇంట్ల ఎవరూ లేరా?"

"ఇంట్లోళ్లకు మాఫీ ఏందే? నువ్వేమన్న పరాయిదానివా?" అని నవ్వాడు. ప్రేమగానే అన్నాడు. అందుకే ఆమె పెన్ను మూసి, చీటీ మడిచి అతని చేతిలో పెట్టింది.

మర్నాడు కొండాపూర్ గదిలో ఐలయ్య సాక్ష్యం. అక్కడి పద్ధతి ప్రకారం మూడు నెలలు నిలబడ్డవాడు అందరి ముందూ తన కథ చెప్పాలి, తర్వాత భార్య లేచి రెండు మాటలు చెప్పాలి. అప్పుడే అతన్ని కొత్తగా వచ్చినవాడికి తోడుగా పెడతారు. ఐలయ్య వారం నుంచీ దానికోసమే ఉవ్విళ్లూరుతున్నాడు. కథ చెప్పాడు. ఇమ్మానుయేలు చీటీ చదివాడు. కుక్క దగ్గర అందరూ నవ్వి, "స్తోత్రం" అన్నారు.

"చెల్లెమ్మా, మీరు చెప్పండి. ఇల్లాలి మాట లేకుండా మేం ఎవరినీ తోడుగా పెట్టమండి."

ఐలయ్య కళ్లతోనే తొందర పెట్టాడు. బాగా మారిండు అంటే సరిపోతుంది. అబద్ధం కూడా కాదు. మాట నాలుక దాకా వచ్చింది. నీలమ్మ దాన్ని మింగేసి లేచింది.

"తాగుడు బంద్ జేసిండు, బ్రదర్. నిజమే. చీటీల ఒక్క పేరు తక్కువున్నది."

"ఎవరిదమ్మా? చెప్పండి, రాసుకుందాం."

"నేను చెప్ప. రాసుడు నా పని, రాసిన. చెప్పుడు ఆయన పని."

ఐలయ్య ముఖం ముందు ఎర్రబడింది. తర్వాత ఇమ్మానుయేలు వైపు చూశాడు. ఆయన చీటీ మీద పెన్ను పెట్టి ఎదురుచూస్తున్నాడు. ఐలయ్య తల దించుకున్నాడు.

"మా అనూష అమ్మ" అన్నాడు మెల్లగా.

"అది పేరు కాదుగా తమ్ముడూ" అన్నాడు ఇమ్మానుయేలు.

ఐలయ్య పెదవులు కదిలాయి. పెళ్లయిన దగ్గర్నుంచి ఒక్కసారీ పలకని పేరు గొంతులో ఎక్కడ ఉందో వెతుక్కుంటున్నట్టున్నాడు. అందించమన్నట్టు అందరూ నీలమ్మ వైపు తిరిగారు. పదహారేళ్లుగా అతనికి అన్నీ అందిస్తూ వచ్చిన నీలమ్మ, చాప మీద బాసింపట్టు వేసుకుని తీరిగ్గా కూర్చుంది.