పరీక్ష తప్పింది

అక్క చేతిలోని కాగితం చదవగానే చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం నాలుగింటికల్లా సంతకం పెట్టి వెళ్ళిపొమ్మని ఉంది అందులో. నిన్న అక్క కంప్యూటరు నుంచి వెళ్ళిన సాఫ్ట్‌వేరు కొత్త వెర్షను వేసుకున్నవాళ్ళ ఫైళ్ళన్నీ చెడిపోయాయట. తప్పంతా అక్కదేనట.

పదిహేనేళ్ళు బట్టలు కుట్టి, నలభై దాటాక ఈ సాఫ్ట్‌వేరు పనిలోకి వచ్చింది అక్క. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతుంది. అందుకే అదే ఆఫీసులో పనిచేసే చెల్లెలు ఆమె కంప్యూటర్లో భాష సెట్టింగు తెలుగుకి మార్చింది. ఆఫీసులో వాడే టూలు మెసేజీలన్నీ తనే కూర్చుని తెలుగులో రాసింది. వెర్షన్లో తేడా ఉండి నల్లటి తెర మీద 'పరీక్ష తప్పింది' అని పడితే అక్క ఎవరినీ అడగక్కర్లేదు. కొత్త వెర్షన్లు పంపే పని అక్కకి పోయిన వారమే అప్పగించారు. నిన్న ఆ మాట చూసి అక్క కేకేసేలోపే పరీక్షలు చూసి పంపించే చిన్న ప్రోగ్రాము, ఆ స్క్రిప్టు, దాని మానాన అది వెర్షన్ని పంపేసింది.

చెల్లెలు లాప్‌టాప్ చంకన పెట్టుకుని, అక్క చెయ్యి పట్టుకుని, విసవిసా మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"అందరూ ఇంగ్లీషులోనే చేసుకుంటున్నారు కదండీ. ఈవిడొక్కరికే ఎందుకు ఈ తెలుగు వేషాలు?" అన్నాడు మేనేజరు తలెత్తకుండానే.

"వేషాలా? ఇటు చూడండి," అంటూ చెల్లెలు స్క్రిప్టు తెరిచింది. "పరీక్షలయ్యాక వచ్చిన మెసేజీల్లో 'ఫెయిల్డ్' అన్న ఇంగ్లీషు మాట ఉందా అని వెతుకుతోందిది. తెలుగులో వస్తే ఎక్కడ దొరుకుతుంది? దొరక్కపోతే అంతా బాగుందనుకుని పంపేస్తుంది. ప్రతి ప్రోగ్రామూ ఆగేముందు ఒక అంకె ఇస్తుంది. సున్నా అయితే బాగున్నట్టు, ఇంకేదైనా అయితే తేడా వచ్చినట్టు. ఏ భాషలో పెట్టుకున్నా ఆ అంకె మారదు. దాన్ని వదిలేసి మాటలు వెతకమన్న తలమాసినవాడెవడో ఇప్పుడే తేలుద్దాం!"

ఏ లైను ఎవరు రాశారో చూపించే కమాండు కొట్టింది. ఆరేళ్ళ కిందటి తేదీ. పక్కన తన పేరే.

లాప్‌టాప్ మూసేసి ఏదో ఒకటి బుకాయించొచ్చు. పక్కన అక్క కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పుతోంది.

"నేనే," అంది చెల్లెలు. "చేరిన కొత్తలో రాశాను."

మేనేజరు నవ్వేశాడు. "ఓ, మీరా! పోనీలెండి, కొత్తలో ఎవరికైనా జరుగుతుంది. సరిచేసేయండి, చాలు."

ఇందాకటి కోపం ఈ కోపం ముందు దిగదుడుపే. చెల్లెలు అక్క చేతిలోంచి కాగితం లాక్కుని, అక్క పేరు కొట్టేసి తన పేరు రాసి, బల్ల మీద పెట్టింది.

"నాతో పెట్టించుకోండి సంతకం! ఆ లైను రాయని మనిషిని పొమ్మంటారు, రాసినదానికేమో పోనీలెండి అంటారా?"

మేనేజరు కాగితం వంక, గడియారం వంక చూశాడు. నాలుగుకి పది నిమిషాలుంది. కాగితం చింపి బుట్టలో వేశాడు. అక్క వైపు సగం తిరిగి, "సారీ అమ్మా, వెరీ సారీ, కమ్యూనికేషన్ గ్యాప్," అన్నాడు గబగబా.

అక్క ఒక అడుగు ముందుకేసింది.

"తెలుగులో చెప్పండి సార్. బయట అందరికీ వినబడేలా."

'తప్పు మాది' అనడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.