అరవై రెండు చోట్ల నీళ్లు, ఆరు పేర్లు

నీలి సంచి సర్దింది. అడుగున కూతురు దీప నోట్‌బుక్కులు పదకొండు, తడవకుండా పాత గుడ్డలో చుట్టి. పైన జొన్నరొట్టెలు. కూతుర్ని ఒక్కదాన్నే పంపడం ఆమెకు ఇష్టం లేదు. అందుకే ఈసారి తానూ బయల్దేరింది.

మహబూబాబాద్ దగ్గరి తమ తండా నుంచి టేకుమట్ల దాకా అరవై రెండు చోట్ల దీప నీళ్లు పట్టి, ఫ్లోరైడ్ ఎంతుందో చూసింది. రెండేళ్లు పట్టింది. సీసాలు మోసింది నీలి. ఆ పని మీద వచ్చే వ్యాసానికి మాత్రం ఆరు పేర్లు పెట్టారు: పీహెచ్‌డీ గైడు యుగేందర్ సారు, సారు భార్య, శాఖ పెద్ద, సారు బావమరిది వెంకట్, వెంకట్ స్నేహితుడు హరీశ్, అందరి కింద దీప. తన పేరు మొదట ఉన్న వ్యాసం ఒక్కటైనా లేకపోతే థీసిస్ తీసుకోరు. దీప ఫిర్యాదు ఇచ్చింది. ఇవాళ యూనివర్సిటీలో విచారణ.

వరండాలో సారు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఏందమ్మా, పెండ్లి కార్డుల ముందుగాల తాత పేరేస్తరా, పిల్ల పేరేస్తరా? గిది గూడ గంతే."

"నిజమే సారూ. గని పిల్ల పేరు నడుమ పెద్దక్షరాలల్ల ఉంటది. పుస్తె తాత మెడల కట్టరు."

"యాడీ, ఊకో!" దీప నవ్వాపుకుంటూ తల్లి కొంగు లాగింది.

లోపల కమిటీ పెద్ద విజయ మేడం ఆరుగురికీ తలా ఒక కాగితం ఇచ్చింది. "ఎవరు ఏం పని చేసిండ్రో రాయుండ్రి. పక్కకు చూడొద్దు."

అయిదు కాగితాల్లోనూ 'మార్గదర్శనం' అనే ఉంది. దారి చూపింది అయిదుగురు, నడిచింది ఒక్కతి. సారు పరువు కోసం ఇంకో ముక్క చేర్చాడు: 'పదిహేడో నంబరు బావిలో స్వయంగా బొక్కెన వేసి నీళ్లు తోడాను.'

దీప నోట్‌బుక్కు తెరిచి చూపింది. పదిహేడు చేతిపంపు.

"బోరింగుల బొక్కెన ఎట్ల దించినవ్ సారూ?" నీలి గుమ్మంలోంచే అడిగింది. హరీశ్ కూడా నవ్వేశాడు.

సాయంత్రానికి తేల్చారు: దీప పేరు మొదట, సారు పేరు చివర, నడుమ నలుగురూ బయటికి.

"పేరు దొరికింది గద," అన్నాడు సారు మెల్లగా. "థీసిస్ మీద సంతకం నాదే. సోమవారం ల్యాబుకు రా, మాట్లాడుదం."

దీప వేరే గైడు కావాలని విజయ మేడంకు అర్జీ రాసిచ్చింది, ల్యాబులో మిగిలిన తన సీసాలన్నీ సంచిలో వేసుకుంది.

యుగేందర్ సారు ల్యాబుకు దీప విచారణ జరిగిన 2023 మార్చి 14 తర్వాత మళ్లీ రాలేదు.